పొరుగు డాబా మీద మేత

అనగనగనగా, సముద్రపు గాలికి తలుపు గొళ్ళాలన్నీ తుప్పుపట్టే ఒక నేతగాళ్ళ ఊళ్ళో, బసవలింగం అని ఒకాయన ఉండేవాడు. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసేవాడు. పొద్దున్నా సాయంత్రం మాత్రం డాబా దిగేవాడు కాదు. ఎందుకంటావా? డాబా మీద పావురాలున్నాయి మరి.

గోపురాల మీద ఊరికే తిరిగే పావురాలు కావమ్మా అవి. పందెం పావురాలు. బుట్టలో పెట్టి, లారీ ఎక్కించి, ఎక్కడో కొండల అవతల వదిలితే, ఎవర్నీ దారి అడక్కుండా నేరుగా ఇంటికొచ్చేస్తాయి. నువ్వు వెనకవీధి కొట్టుకి పోయి దారి తప్పి ఏడుస్తూ వచ్చావు చూడు, అలా కాదు.

ఆ ఊళ్ళో ఏడాదికోసారి పందెం జరిగేది. అన్ని పావురాలనీ ఒకేచోట వదిలేవాళ్ళు. ఎవరి పావురం ముందు తన గూటికి చేరితే వాళ్ళకి దండేసి, డప్పులతో బజారంతా తిప్పేవాళ్ళు. బసవలింగానికి ఆ దండంటే మహా పిచ్చి. కానీ ఒక్కసారీ మెడలో పడలేదు. పోయినేడు ఆయన పావురం మూడోనాటికి తీరిగ్గా వచ్చింది. "లింగా, మీ పిట్ట దారిలో పెళ్ళి భోజనం చేసొచ్చిందా?" అని ఏడాది పొడుగునా ఏడిపించారు. ఈసారైనా గెలవకపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని ఆయన అనుకున్నాడు.

ఆయన దగ్గర ఒక మంచి జంట ఉండేది. మగపిట్ట రాగి రంగులో మెరిసేది, దానికి రాగిగాడని పేరు. ఆడపిట్ట తెల్లగా ఉండేది, దాని పేరు వెండి. పందేనికి కొన్ని వారాల ముందు వెండి రెండు గుడ్లు పెట్టింది. ఇద్దరూ వంతులు వేసుకుని పొదిగారు. ఆ తర్వాత రెండు పిల్లలు బయటికొచ్చాయి. అబ్బ, ఏమి అందమనుకున్నావ్! ఒళ్ళంతా పసుపు నూగు, మొహమంతా ముక్కు. అయినా తల్లికీ తండ్రికీ అవే ముద్దు.

నీకో సంగతి తెలుసా? పావురాల్లో తల్లి ఒక్కతే కాదు, తండ్రి కూడా పాలిస్తాడు. నవ్వకు, నిజమే చెబుతున్నా. గొంతు కింద వాటికో సంచి ఉంటుంది. పిల్లలు పుట్టిన కొత్తలో ఆ సంచిలో పాలలాంటిది ఊరుతుంది. పిల్ల నోటిని తమ నోట్లోకి తీసుకుని అది పోస్తాయి. ఆ తర్వాత పిల్లలు కాస్త పెరిగాక, గింజలు తిని, నీళ్ళు తాగి, సంచిలో నానబెట్టి, ఆ మెత్తటి గింజలు పోస్తాయి. మనం పసిపిల్లలకి అన్నం మెత్తగా పిసికి పెట్టమూ, అంతే.

అందుకని ఆ ఊళ్ళో పావురాలవాళ్ళకి ఒక పద్ధతుండేది. పిల్లలున్న గూటికి మేత కొలిచేవాళ్ళు కాదు. బఠాణీలు, శనగలు, పెసలు, జొన్నలు కలిపి మూకుడు నిండా పోసేవాళ్ళు. అడుగు కనపడితే మళ్ళీ పోసేవాళ్ళు. పిల్లలు ఎగిరేదాకా మూకుడు ఖాళీ కాకూడదు, అదీ పద్ధతి.

బసవలింగానికీ పద్ధతి తెలుసు. కానీ ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. గూట్లో పిల్లలున్న పావురం ఇంటికి ప్రాణం పెట్టి ఎగురుతుంది కదా. ఒళ్ళు తేలిగ్గా ఉన్న పావురం వేగంగా ఎగురుతుంది కదా. మరి పిల్లలూ ఉండి, ఒళ్ళూ తేలిగ్గా ఉంటే? ఆ ఆలోచన రాగానే దండ మెడలో పడినట్టే మురిసిపోయాడు. వంటింట్లోంచి బియ్యం కొలిచే సోల తెచ్చి డాబా మీద పెట్టాడు.

మొదట సోలెడు గింజలు పోశాడు. సాయంత్రం రాగిగాణ్ణి చేత్తో పట్టుకుని గొంతు కింద తడిమి చూశాడు. పావురాలవాళ్ళందరికీ ఉండే అలవాటే అది. సంచి నిండుగా, బిగువుగా ఉంది. "ఓరి తిండిపోతా, ఇంత మెక్కావా! ఇట్లయితే ఎగిరినట్టే," అన్నాడు. మర్నాటి నుంచి అరసోల చేశాడు.

అప్పుడు పావురాల్ని పక్క ఊళ్ళో వదిలి చూశాడు. రాగిగాడు అందరికంటే ముందు వచ్చాడు. ఆ సాయంత్రం మళ్ళీ తడిమి చూశాడు. సంచి నిండుగానే ఉంది. "ఇంకా ఎక్కువే అవుతోందన్నమాట," అనుకుని అందులోనూ సగం, గిద్ద చేశాడు.

ఆ తర్వాత ఇంకాస్త దూరం తీసుకెళ్ళి వదిలాడు. మళ్ళీ రాగిగాడే ముందు. మళ్ళీ తడిమాడు. మళ్ళీ నిండుగానే ఉంది. బసవలింగం గిద్ద కూడా ఎక్కువేనని అరగిద్ద చేశాడు. రెండు పెద్ద పిట్టలకీ, రెండు పిల్లలకీ కలిపి అరగిద్ద! నీ దోసిట్లో సగానికి రావు ఆ గింజలు.

ఇదంతా ఆయన ఇల్లాలు పార్వతాలు చూస్తూనే ఉంది. ఆమె అప్పటికి నెల బాలింత. పిల్లకి పాలు చాలాలని బసవలింగమే తెల్లారుజామున సముద్రం ఒడ్డుకి పోయి, వలలు లాగేదాకా నిలబడి, పాలసొర చేప తెచ్చేవాడు. దగ్గరుండి తినిపించేవాడు. మనిషి చెడ్డవాడేం కాదమ్మా.

ఒకరోజు పార్వతాలు పిల్లని భుజాన వేసుకుని డాబా ఎక్కింది. "ఏమయ్యా, నాకేమో పాలు పడాలని పొద్దు పొడవకముందే చేపకి పోతివి. ఆ గూట్లోనూ బాలింతలే గదా. వాటికి కొలత తగ్గిస్తావేంది?" అంది.

"నువ్వేమన్నా పందెంలో ఎగరాలా ఏంది? నీకు తెలీదులే, కిందికి పో," అన్నాడు.

ఆమె కిందికి పోయింది. అప్పుడు బసవలింగానికి లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. గుచ్చుకున్నా, దండ గుర్తొచ్చి ఆ సంగతి పక్కకు తోసేశాడు.

అంతటితో ఊరుకున్నాడా? లేదు. టీకొట్టు దగ్గర కూర్చుని గొప్పలు మొదలుపెట్టాడు. "మీరంతా బఠాణీలు పోసి పావురాల్ని పందుల్లాగ మేపుతున్నారు. నేను అరగిద్ద గింజలతో రెండు పిల్లల్ని పెంచుతున్నా. సాయంత్రం వచ్చి సంచి తడిమి చూడండి, ఎట్లా నిండుందో!" అన్నాడు.

ఆ టీకొట్టులోనే దస్తగిరి కూర్చున్నాడు. దస్తగిరి బసవలింగానికి పక్కింటాయన, పెద్దాయన. రెండు డాబాలకీ మధ్యన ఒక పిట్టగోడే అడ్డం. ఆయనకీ పందెం పావురాలున్నాయి. బసవలింగం ఆయన్ని కూడా వదల్లేదు. "మామా, నీది మరీ చెయ్యి పెద్దది. డాబా అంతా గింజలు చల్లుతావు. అందుకే నీ పిట్టలు వెనకబడతాయి. నా దగ్గర నేర్చుకోవయ్యా," అన్నాడు.

అందరూ నవ్వారు. దస్తగిరి బసవలింగం మొహం వైపు ఒకసారి చూశాడు. ఏదో చెప్పబోయి, "అట్లాగే అల్లుడూ," అని టీ తాగేసి వెళ్ళిపోయాడు.

చివరికి పందెం రోజు వచ్చింది. ముందురోజే పావురాల బుట్టలు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. పొద్దున్నే కొండల అవతల వాటిని వదిలేశారు. ఇక్కడ ఊరంతా డాబాలెక్కి ఆకాశంలోకి చూస్తోంది. బసవలింగం తన డాబా మీద చాపలు పరిచి, పందెం పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టాడు. టీకొట్టులో కూర్చునేవాళ్ళందర్నీ పిలిచాడు. తను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దండ ఎక్కడ పెట్టారో కూడా ఓరకంట చూసుకున్నాడు.

పందెంలో ఒక నియమం ఉండేది. ప్రతి పావురం కాలికీ రబ్బరు ఉంగరం తొడుగుతారు. పావురం తన గూట్లోకి వచ్చాక ఆ ఉంగరం తీసి పెద్దల చేతిలో పెట్టాలి. అప్పుడే అది చేరినట్టు లెక్క. ఆకాశంలో కనపడితే లెక్కకాదు, పక్కన వాలినా లెక్కకాదు.

ఎండ ముదిరింది. అప్పుడు ఉత్తరం వైపు ఒక చుక్క కనపడింది. చుక్క కాస్తా పిట్టయింది. పిట్ట కాస్తా రాగి రంగులో మెరిసింది. "మా వాడే! మా రాగిగాడే!" అని బసవలింగం గెంతాడు. వెనక ఎంత చూసినా ఇంకో పావురం జాడ లేదు. డప్పులవాళ్ళు డప్పులు వెచ్చబెట్టుకున్నారు.

రాగిగాడు ఊరి మీద ఒక చుట్టు తిరిగాడు. బసవలింగం డాబా మీదికి దిగాడు, దిగాడు, ఇంక గూట్లోకి వచ్చేస్తాడు అనగా పిట్టగోడ మీదుగా దాటిపోయి దస్తగిరి డాబా మీద వాలాడు. వాలి, అక్కడ చల్లి ఉన్న గింజలు గబగబా ఏరుకుని తినడం మొదలుపెట్టాడు.

బసవలింగానికి ఏమీ అర్థం కాలేదు. ఈల వేశాడు. మూకుడు మోగించాడు. "రారా, రారా నాయనా," అని బతిమాలాడు. రాగిగాడు తలెత్తలేదు.

అటువైపు దస్తగిరి కంగారుగా లేచాడు. పై పంచె తీసి విదిలిస్తూ, "హుష్! పో, ఇవాళ వద్దు, మీ ఇంటికి పో!" అని రాగిగాణ్ణి తరిమాడు. తనతో పోటీపడే పావురాన్ని తనే గెలుపు వైపు తరుముతున్నాడు పాపం. రాగిగాడు ఎగిరి రెండడుగులు అటు జరిగి మళ్ళీ తిన్నాడు. మళ్ళీ తరిమాడు. మళ్ళీ తిన్నాడు. మూడోసారి కూడా అంతే.

ఈలోగా ఎవరిదో మచ్చల పావురం వచ్చి, పెద్దవీధిలో తన గూట్లోకి నేరుగా దూరిపోయింది. వాళ్ళు ఉంగరం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. డప్పులు అటు వెళ్ళిపోయాయి. దండా వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు రాగిగాడు. గొంతు కింద సంచి ఉబ్బి ఉంది. బసవలింగం వాణ్ణి గూటి గుమ్మం దగ్గర ఒడిసి పట్టుకున్నాడు. "తిండిపోతు వెధవా! నేను పెట్టట్లేదా నీకు? పిడికెడు గింజల కోసం నా పరువు తీస్తావా?" అని అందరూ వినేలా అరిచాడు.

రాగిగాడు ఒక్కసారి గింజుకుని చేతుల్లోంచి జారిపోయాడు. పారిపోలేదమ్మా. నేరుగా గూట్లోకి దూరాడు. పిల్లలు రెండూ కీచుమంటూ మీదపడ్డాయి. వాడు నోరు తెరిచాడు. పెద్దపిల్ల నోట్లో నోరు పెట్టి పోశాడు. ఆ తర్వాత చిన్నపిల్ల నోట్లో పోశాడు. మళ్ళీ పెద్దదానికి, మళ్ళీ చిన్నదానికి. ఉబ్బిన సంచి అందరి కళ్ళముందే తగ్గి, తగ్గి, ఒంటికి అతుక్కుపోయింది. వాడి కోసం ఒక్క గింజ కూడా మిగుల్చుకోలేదు. కొండలు దాటి వచ్చినవాడు, అంతా పోసేసి, రెక్కలు దించుకుని పిల్లల పక్కన కూలబడ్డాడు.

బసవలింగం మెల్లగా చెయ్యి చాపి రాగిగాణ్ణి తీసుకున్నాడు. ఈసారి గొంతు కింద తడమలేదు. రొమ్ము తడిమాడు. కండ లేదు. ఎముక మాత్రం కత్తిలాగ వేళ్ళకి తగిలింది. వెండిని తీసి చూశాడు. అదీ అంతే. చిన్నపిల్ల మెడ నిలబెట్టలేకపోతోంది. ఏడవకు, ఏడవకు, అది చచ్చిపోలేదులే, చెప్తా విను.

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఏంది లింగా, అరగిద్దతో పెంచుతున్నానంటివి? మిగతాది మామ డాబా మీద నుంచా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. బసవలింగానికి తల తీసేసినట్టయింది. దస్తగిరి పిట్టగోడ ఎక్కి ఇవతలికొచ్చి, "చూసింది చాల్లే, దిగండయ్యా," అని అందర్నీ కిందికి పంపేశాడు. చాపలు ఖాళీ అయ్యాయి.

"మామా, ఎన్నాళ్ళ నుంచి వస్తున్నాడు?" అని అడిగాడు బసవలింగం.

"నువ్వు కొలత పెట్టినప్పటి నుంచీ. రోజూ నువ్వు మగ్గంలో దిగినాక వచ్చేవాడు. సంచి నింపుకుని, వెళ్ళి పిల్లలకి పోసి, మళ్ళీ వచ్చి నింపుకునేవాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

దస్తగిరి తల గోక్కున్నాడు. "చెబుదామనే టీకొట్టుకి వచ్చినా. నువ్వేమో నలుగుర్లో నాకు మేత గురించి పాఠం చెప్తివి. అప్పుడు నీ ఇంటో తిండి చాలక నీ పిట్ట నా ఇంటికొస్తందని ఎట్లా చెప్పేది? నువ్వు చిన్నబోతావని ఊరుకున్నా. ఊరుకోవడం నాదీ తప్పే అల్లుడూ."

అప్పుడు తెలిసింది బసవలింగానికి. రోజూ సాయంత్రం తను తడిమి మురిసిపోయిన సంచిలో ఉన్నవి దస్తగిరి గింజలు. అవి కూడా రాగిగాడివి కావు, పిల్లలవి. ఆ నిండు సంచి చూసే తను కొలత తగ్గించాడు. తగ్గించేకొద్దీ వాడు పక్కింట్లో ఎక్కువ ఏరుకున్నాడు. తన పిల్లల కోసం వాడు పక్కింట్లో అడుక్కుతింటుంటే, తను ఆ తిండి చూపించి, ఆ పెట్టిన మనిషికే బుద్ధులు చెప్పాడు. పైగా వాణ్ణి తిండిపోతన్నాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. దస్తగిరి మొహంలోకి చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ పూట పార్వతాలు అన్నం వడ్డించింది. ఆయన కంచంలో చెయ్యి పెట్టలేకపోయాడు. "నే చెప్పలా?" అని ఆమె ఒక్క మాట అనుంటే బాగుండేది. ఆమె అనలేదు. ఇంకో గరిటె వేసి, "తిను, పొద్దుటి నుంచీ ఏం తినలా," అంది. ఆ మాటకి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మర్నాడు సోల మళ్ళీ వంటింట్లోకి పోయింది. మూకుడు నిండా బఠాణీలు, శనగలు, పెసలు, జొన్నలు పోశాడు. చట్టినిండా మంచినీళ్ళు పెట్టాడు. చిన్నపిల్లకి తనే శనగలు నానబెట్టి, ఒక్కొక్కటే నోట్లో పెట్టాడు. నాలుగు రోజులకి అది మెడ నిలబెట్టింది. చెప్పానుగా, చచ్చిపోలేదని.

కానీ చూడు, రాగిగాడు ఆయన పెట్టింది తింటూనే రోజూ ఒకసారి పిట్టగోడ దాటి వెళ్ళేవాడు. మూకుడు పొర్లిపోతున్నా సరే, అక్కడ నాలుగు గింజలు ఏరుకుని వచ్చేవాడు. కోపమా అంటావా? పిట్టలకి కోపాలెక్కడివమ్మా. గింజలు ఎక్కడ ఎప్పుడూ ఉంటాయో అదొక్కటే వాటికి తెలుసు. బసవలింగం రోజూ అది చూసేవాడు. చూసినప్పుడల్లా గుండె కలుక్కుమనేది.

ఆ తర్వాత పిల్లలకి రెక్కలొచ్చాయి. తండ్రిపావురం పిల్లల్ని మొదటిసారి బయటికి తీసుకెళ్ళి మేత ఏరుకోవడం నేర్పిస్తుంది. ఎక్కడ నేర్పిస్తే అది వాటికి మేత చోటైపోతుంది. ఆ పొద్దున బసవలింగం నిండు మూకుడు రెండు చేతులా పట్టుకుని డాబా మధ్యలో నిలబడ్డాడు. రాగిగాడు గూట్లోంచి వచ్చాడు. వెనకే పిల్లలు రెండూ తడబడుతూ వచ్చాయి. మూకుడు ముందు నుంచే నడిచి వెళ్ళారు. పిట్టగోడ ఎక్కారు. ఒకటి, రెండు, మూడు, దస్తగిరి డాబా మీదికి దూకారు.

బసవలింగం ఈల వెయ్యలేదు. మూకుడు మోగించలేదు. దాన్ని పట్టుకుని మెట్లు దిగాడు. గోడ దూకి పోవచ్చు, కానీ వీధిలోంచే వెళ్ళాడు. అరుగుల మీద పడుగు దారాలు సరిచేసుకుంటున్న వాళ్ళందరూ చూశారు.

"ఎక్కడికి లింగా, మూకుడు పట్టుకుని?" అని ఒకాయన అడిగాడు.

"మా పిట్టలు మామ డాబా మీద తింటాయి. వాటికి మేత పెట్టడానికి పోతున్నా," అన్నాడు బసవలింగం. అందరికీ వినపడేలాగే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

దస్తగిరి తలుపు తీశాడు. మూకుడు చూసి, దారి వదిలాడు. బసవలింగం డాబా ఎక్కి గింజలన్నీ అక్కడ పోశాడు. దగ్గరికొస్తే పిల్లలు బెదురుతున్నాయని, దూరంగా గోడ మూలకి పోయి కూర్చున్నాడు. రాగిగాడు ఒక బఠాణీ ముక్కుతో పొడిచి చూపించాడు. పెద్దపిల్ల పొడిచింది. ఆ తర్వాత చిన్నపిల్ల కూడా పొడిచింది.

ఎన్నాళ్ళు వెళ్ళాడంటావా? రోజూ వెళ్ళాడు. అవి తన డాబా మీద తినేదాకా వెళ్ళాలి కదా. ఎప్పుడు తిన్నాయంటే ఏం చెప్పను, అది ఆయన చేతిలో లేదు, వాటి ఇష్టం. ఆయన చేతిలో ఉన్నది మూకుడు నింపుకుని, వీధిలో అందరి ముందూ నడిచి, ఆ మెట్లెక్కడం. అదే చేశాడు. ఆ మూల తల దించుకుని కూర్చునేవాడు. లెమ్మని దస్తగిరి అనేవాడు కాదు. కాసేపటికి తనూ వచ్చి పక్కన కూర్చునేవాడు.

గింజలేమో నోటికి,
రెక్కలేమో గూటికి,
మూకుడేమో పక్కింటికి,
సిగ్గేమో లింగానికి,
కథ నడిచింది కంచికి,
నువ్వు నడువు నిద్దరకి.